ఇంటి దగ్గరి గుట్టతో మొదలుపెట్టండి: సీమలో అడవిని చూడటం ఎలా, కాపాడుకోవడం ఎలా

అడవి అనగానే మనవాళ్ళకు తలకోన జలపాతమో, శ్రీశైలం ఘాట్ రోడ్డో గుర్తొస్తుంది. ఆదివారం కారెక్కి, బిర్యానీ పార్సిల్ కట్టించుకుని, మధ్యాహ్నానికి చేరుకుని, నాలుగు ఫొటోలు దిగి, చీకటి పడేలోపు ఇల్లు చేరతాం. వద్దనను, నేనూ వెళ్తాను. కానీ అలా ఎన్నిసార్లు వెళ్ళినా అడవితో పరిచయం ఏర్పడదు. అది ఏర్పడాలంటే ఒకే చోటికి, ఏ హడావుడీ లేకుండా, మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. కర్నూలు, అనంతపురం, కడప పాత జిల్లాల్లో పచ్చగా, దట్టంగా కనిపించే అడవి తక్కువ. నల్లమల, శేషాచలం పక్కన పెడితే మిగతాదంతా ముళ్ళపొదలు, రాతిగుట్టలు, ఏడాదిలో ఎనిమిది నెలలు పసుపు రంగులో ఉండే గడ్డి. చూసేవాళ్ళకు అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. అందుకే ముందుగా పోయేవీ అవే. ఈ వ్యాసం ఎక్కువగా ఆ ముళ్ళపొదల కోసమే.

ముందు చోటు చూసుకోండి

ఇంటి నుంచి బైకు మీద అరగంటలో చేరగలిగే చోటైతే చాలు. దూరమైతే రెండోసారి వెళ్ళరు. కడపలో ఉంటే పాలకొండల పాదం దగ్గరికి వెళ్ళండి, ఊళ్ళో నిలబడినా కనిపిస్తాయి. కర్నూలులో ఉంటే జగన్నాథగట్టు, హంద్రీ ఒడ్డు, ఇంకొంచెం ఓపికుంటే గాజులదిన్నె జలాశయం. అనంతపురం వైపు వాళ్ళకు శింగనమల చెరువు, బుక్కపట్నం చెరువు, పెనుకొండ గుట్టలు ఉన్నాయి. ఇవేవీ దగ్గర కాకపోతే మీ ఊరి చెరువు కట్ట, వంక ఒడ్డు, ఊరి బయటి అమ్మవారి గుడి చుట్టూ ఎవరూ కొట్టని నాలుగు పాత చెట్లు, ఏదైనా ఫర్వాలేదు. పేరున్న చోటు కావాల్సిన పనిలేదు.

ఎంచుకున్నాక ఆ నేల ఎవరిదో తెలుసుకోండి. రిజర్వు ఫారెస్టా, అభయారణ్యమా, రెవెన్యూ పోరంబోకా, దేవాదాయ భూమా, ఎవరి పట్టానా? రిజర్వు ఫారెస్టు అయితే అంచుల్లో సరిహద్దు రాళ్ళో అటవీశాఖ బోర్డో కనిపిస్తాయి. మిగతా వాటికి సర్వే నంబరు పట్టుకుని మీభూమి వెబ్‌సైటులో అడంగల్ చూడొచ్చు, లేదంటే గ్రామ సచివాలయంలో వీఆర్వోని అడగొచ్చు. అభయారణ్యాల్లోకి అటవీశాఖ అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు. శ్రీలంకమల్లేశ్వర, రోళ్ళపాడు, గుండ్ల బ్రహ్మేశ్వరం, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. నల్లమల లోపలిదాకా చూడాలనుంటే అటవీశాఖ నడిపే బైర్లూటి, పచ్చర్ల క్యాంపులున్నాయి. అక్కడ దారి చూపించేవాళ్ళు కూడా దొరుకుతారు.

నేల ఎవరిదో తెలుసుకోమనడానికి ఇంకో కారణం ఉంది, అది చివర్లో చెప్తాను.

ఎప్పుడు వెళ్ళాలి, ఏం పట్టుకెళ్ళాలి

మొదటిసారి వెళ్ళడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. వానలకు లేచిన గడ్డి ఇంకా ఉంటుంది, చెరువుల్లో నీళ్ళుంటాయి, ఉత్తరం నుంచి వలస పక్షులు దిగి ఉంటాయి. వేసవిలోనూ వెళ్ళొచ్చు, కానీ తెల్లవారకముందే అక్కడుండి ఎనిమిదిన్నరకల్లా వెనక్కి తిరగాలి. సీమ ఎండతో పంతాలొద్దు.

నిండు ప్యాంటు, చీలమండ దాటే బూట్లు, టోపీ లేదా తలకు టవలు, మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్ళు, ఒక చిన్న నోటుబుక్కు, పెన్సిలు. బైనాక్యులర్ ఉంటే మంచిదే, లేకపోతే ఆగిపోవద్దు. సాక్సు మీద పల్లేరుకాయలు, గడ్డిముళ్ళు గుచ్చుకుంటాయి, ఇంటికొచ్చి తీరిగ్గా పీక్కోవాలి. బట్టలు మట్టిరంగువైతే నయం. బ్లూటూత్ స్పీకరు ఇంట్లోనే పెట్టేయండి.

ఒక్కరే వెళ్ళకండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగొస్తారో ఇంట్లో చెప్పండి. పాముల భయం చాలామందిని ఆపేస్తుంది కాబట్టి ఒక మాట. మన రాతినేలల్లో చిన్న పింజరులు, పొలం గట్ల మీద రక్తపింజరులు, కట్లపాములు, నాగుపాములు అన్నీ ఉంటాయి. చూడని చోట చెయ్యి పెట్టకుండా, రాళ్ళు ఎత్తకుండా, పొదలోకి కాలు దూర్చకుండా ఉంటే వాటితో గొడవ రాదు. ఒకవేళ కరిస్తే గట్టిగా కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, నాటుమందు పూయడం ఏవీ చేయొద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, నేరుగా ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. విరుగుడు ఇంజెక్షన్ ఉండేది అక్కడే. మంత్రగాడి దగ్గర పోయేది ప్రాణం కంటే ముందు టైము.

కూర్చోండి

మనవాళ్ళు అడవికి వెళ్తే నడుస్తూనే ఉంటారు. కాళ్ళు నొప్పి పుడితేనే అడవి చూసినట్టు లెక్క. మీరు అలా చేయకండి. ఒక పొద నీడ చూసుకుని, కింద చీమలున్నాయేమో ఒకసారి పరికించి, అరగంట కదలకుండా కూర్చోండి. మొదటి పది నిమిషాలు చాలా విసుగ్గా ఉంటుంది, చెయ్యి ఫోను వైపు పోతూనే ఉంటుంది. మీరు వచ్చారని తీతువు పిట్ట అరిచి ఊరంతా చాటుతుంది. అది సర్దుకున్నాక మిగతావి బయటికొస్తాయి. కౌజు పిట్టలు బారుగా పరుగెత్తుకుంటూ దారి దాటుతాయి. మీరు రాయి అనుకున్నది తల ఆడిస్తుంది, తొండ అని అప్పుడు తెలుస్తుంది.

ఏమీ రాకపోతే మీ ముందున్న మూరెడు నేలను చూడండి. మెత్తటి ఇసుకలో గరాటు ఆకారంలో చిన్న గుంటలు కనిపిస్తాయి. ఒక్కో గుంట అడుగున ఒక పురుగు ఇసుకలో కూరుకుని, కొండీలు మాత్రం పైకి తెరిచి కాచుకుని ఉంటుంది. చీమ అంచు మీద కాలు పెడితే ఇసుక జారుతుంది. చీమ పైకి ఎక్కబోతే లోపలున్న పురుగు ఇసుక ఎగజిమ్మి మళ్ళీ కిందికి లాగుతుంది. నిమిషంలో తేలిపోయే వ్యవహారం. పిల్లల్ని తీసుకెళ్తే ఇక్కడినుంచి కదలరు, ఆ మాటకొస్తే పెద్దవాళ్ళూ కదలరు.

కార్తెల ప్రకారం రాసుకోండి

చూసింది అక్కడే రాసుకోవాలి. తేదీ, టైము, ఆకాశం ఎలా ఉంది, ఏ చెట్టు పూసింది, ఏ పిట్ట కనిపించింది, నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయి. పేరు తెలియకపోతే పోలికలు రాయండి: మైనా అంత ఉంది, తోక పొడుగు, రొమ్ము తుప్పురంగు, గట్టు మీద పరుగెత్తింది.

నోటుబుక్కులో నెలలతో పాటు కార్తె కూడా రాసుకోమని నా సలహా. ఇరవై ఏడు కార్తెలు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. మన రైతులు వానను, విత్తనాన్ని లెక్కేసుకున్నది వీటితోనే కాబట్టి ఇక్కడి నేలకు అవి బాగా సరిపోతాయి. రోహిణిలో రాళ్ళు పగిలే ఎండ. మృగశిరలో మొదటి చినుకులు. ఆరుద్రలో తడినేల మీద ఎర్రటి మఖమలు గుడ్డ తొడుక్కున్నట్టు ఆరుద్ర పురుగులు పాకుతాయి. మా చిన్నప్పుడు వాటిని అగ్గిపెట్టెల్లో వేసుకుని బడికి తీసుకెళ్ళేవాళ్ళం. ఇప్పుడు మీ ఊళ్ళో ఎన్ని కనిపిస్తున్నాయో, ఏ రోజు మొదట కనిపించాయో రాసిపెట్టుకోండి. శివరాత్రి దాటాక మోదుగ పూస్తుంది, వేసవిలో రేల పూస్తుంది, దసరా దగ్గర పడేసరికి సీతాఫలం కళ్ళు విప్పుతుంది, సంక్రాంతికి రేగుపళ్ళు. ఇవి అటూ ఇటూ జరిగితే మీ పుస్తకంలో అది కనిపిస్తుంది. ఇలాంటి లెక్క ఊరి స్థాయిలో ఎవరి దగ్గరా ఉండదు, మీ దగ్గరే ఉంటుంది.

చూసినవాటిని గుర్తుపట్టడానికి, నమోదు చేయడానికి ఫోనులో ఈబర్డ్, మెర్లిన్, ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లున్నాయి. వాడండి, మీరు ఎక్కించిన లెక్కలు శాస్త్రవేత్తలకు కూడా పనికొస్తాయి. కానీ పిట్ట కూత యాప్‌లో మోగించి దాన్ని బయటికి రప్పించే పని మాత్రం చేయకండి. గూడు మీదున్న పిట్ట గుడ్లు వదిలేసి వచ్చి మీ ఫోను చుట్టూ తిరుగుతుంది. అరుదైన వాటి గూళ్ళ ఫొటోలు, అవి ఎక్కడున్నాయో చెప్పే లొకేషన్లు ఫేస్‌బుక్కులో పెట్టడం ఇంకా ప్రమాదం. నక్షత్ర తాబేళ్ళను మన జిల్లాల్లోనే పట్టి విదేశాలకు దొంగతనంగా అమ్ముతారు. వాళ్ళకూ ఫేస్‌బుక్కు ఉంది.

తెలిసినవాళ్ళను అడగండి

పుస్తకాల కంటే ముందు గొర్రెల కాపరి దగ్గరికి వెళ్ళండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ గుట్టమీద ఉండేది ఆయనే. అడిగే పద్ధతి ఒకటుంది. బైకు దిగగానే ప్రశ్నలు మొదలుపెడితే మిమ్మల్ని ఫారెస్టోళ్ళనో, భూమి కొనడానికి వచ్చినోళ్ళనో అనుకుంటారు. కూర్చోండి, వానల గురించి మాట్లాడండి, గొర్రెల ధర అడగండి. తర్వాత నిదానంగా:

"ఈ గుట్టలో ఎలుగొడ్డు తిరుగుతాదా పెద్దాయనా?"

"తిరక్కేం సామీ. కలివిపండ్లు మాగినప్పుడు వస్తాది. ఆ వంకకాడ పొద్దు గూకినాక పోవద్దు."

ఏ జంతువు, ఏ కాలంలో, దేనికోసం, ఏ చోట అన్నీ ఆ రెండు ముక్కల్లో వచ్చేశాయి. ఇదే సమాచారం కోసం ఒక పరిశోధక విద్యార్థి రెండేళ్ళు తిరగాల్సి రావచ్చు.

కడప జిల్లా కలివికోడి కథ మీకు తెలిసే ఉంటుంది. 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన ఈ పక్షి 1900 తర్వాత కనిపించలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల కొండల దిగువన రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అక్కడ వెతుకుతుంటే, రాత్రిపూట లైటు వేసి వేటాడే ఒక ఊరి మనిషి దాన్ని పట్టుకొచ్చాడు. ఎనభై ఐదేళ్ళకు పైగా లోకమంతా పోయిందనుకున్న పక్షి, ఆ ఊళ్ళవాళ్ళకు మాత్రం కలివిపొదల్లో తిరిగే కోడి. ఆ తర్వాతే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. తెలుగుగంగ కాలువ ఈ పక్షి ఉండే పొదల మీదుగా పోతుంటే కేసులు నడిచి, కాలువ దారి మార్చాల్సి వచ్చింది.

నల్లమలలో చెంచులను కలిస్తే ఇంకా జాగ్రత్తగా మెలగండి. ఫొటో తీసే ముందు అడగండి. తేనె, కుంకుళ్ళు వాళ్ళ దగ్గరే కొనండి, బేరం ఆడకండి. పులుల కదలికలు గమనించే పనిలో అటవీశాఖకు వాళ్ళే కళ్ళూ చెవులూ. అడవిని కాపాడాలంటే అందులోంచి మనుషుల్ని ఖాళీ చేయించాలని పట్నంలో కూర్చుని వాదించేవాళ్ళు ఒక్కసారి పెచ్చెరువు చెంచుగూడెం వైపు వెళ్ళి చూడాలి.

నేల చదును చేసి రాత్రి సంగతులు తెలుసుకోండి

మన పొదల్లో తిరిగేవాటిలో సగం రాత్రిపూట తిరుగుతాయి. కలివికోడి కూడా రాత్రి పక్షే. దాన్ని వెతకడానికి పరిశోధకులు వాడిన పద్ధతుల్లో ఒకటి చాలా సులువు, మీరూ చేయొచ్చు. పట్టా భూమిలోనో, మీకు అనుమతి ఉన్న చోటో చేసుకోండి, అభయారణ్యంలో వద్దు.

పొదల మధ్య పశువులు నడిచే బాట ఒకటి చూసుకోండి. సాయంత్రం దాని మీద అయిదారు అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున రాళ్ళు, ఆకులు ఏరేసి, మెత్తటి మన్ను జల్లెడపట్టి పలచగా పరవండి. చేత్తో కాకుండా చెక్కముక్కతో సమంగా చదును చేయండి. మరుసటి రోజు సూర్యుడు పైకి రాకముందే వెళ్ళాలి. వెలుతురు ఏటవాలుగా పడితే గుర్తులు లోతుగా కనిపిస్తాయి. పక్కన అగ్గిపెట్టె పెట్టి పైనుంచి ఫొటో తీయండి, సైజు తెలుస్తుంది.

గోళ్ళ గుర్తులతో నాలుగు వేళ్ళుంటే కుక్క జాతి: ఊరకుక్క, నక్క, తోడేలు. గోళ్ళు పడకుండా గుండ్రంగా ఉంటే పిల్లి జాతి: అడవిపిల్లి నుంచి చిరుత దాకా, సైజును బట్టి. మనిషి పాదంలా పొడుగ్గా ఉండి ముందు గోళ్ళు దిగితే ఎలుగుబంటి. ఇది కనిపిస్తే ఆ దారిలో ఇక ఆ రోజు ముందుకు పోకండి. సన్నటి గీత మధ్యలో, రెండు పక్కలా అడుగులు ఉంటే తోక ఈడ్చుకుంటూ పోయిన ఉడుము. కలివికోడికి వెనక వేలు ఉండదు, ముందు మూడే. అయినా మూడువేళ్ళ గుర్తు చూడగానే పండగ చేసుకోకండి, తీతువుకు వెనక వేలుంది కానీ అది చాలా చిన్నది, మట్టిలో పడకపోవచ్చు. వారంలో రెండు మూడు రాత్రులు ఇలా చేస్తే, ఏమీ లేదనుకున్న గుట్టలో ఎంతమంది కాపురం ఉన్నారో మీకే తెలుస్తుంది.

మొక్కలు నాటే ముందు ఆగండి

కాపాడటం అంటే మన దగ్గర మొదట గుర్తొచ్చేది మొక్కలు నాటడం. హరిత దినం, ఫ్లెక్సీ, గుంతలో కానుగ మొక్క, ఫొటో. రోడ్డు పక్కన, బళ్ళో, చెరువు కట్ట మీద నాటండి, సంతోషం. గడ్డినేలలో మాత్రం వద్దు.

రోళ్ళపాడు సంగతి చూడండి. నందికొట్కూరు దగ్గరి ఆ గడ్డిమైదానం బట్టమేక పక్షికి పెట్టింది పేరు. 1988లో అభయారణ్యం చేశారు. బట్టమేక మనిషి నడుము దాకా వచ్చేంత ఎత్తు పక్షి, నేల మీద ఏడాదికి సాధారణంగా ఒకే గుడ్డు పెడుతుంది. చుట్టూ దూరందాకా కనిపించే నేల ఉంటేనే దానికి ధైర్యం. చుట్టుపక్కల కాలువ నీళ్ళొచ్చి పంటలు మారాయి, కరెంటు తీగలు వచ్చాయి, గడ్డి తగ్గింది. ఇప్పుడు రోళ్ళపాడులో బట్టమేక దాదాపు లేనట్టే. దేశం మొత్తం మీద నూటయాభైకి మించి లేవని అంచనా. అదే చోట కృష్ణజింకలు మాత్రం పెరిగి చుట్టుపక్కల రైతుల పంటలు మేస్తున్నాయి. పంట పోయిన రైతు కోపంలో అన్యాయం లేదు. నష్టపరిహారం సరిగ్గా అందకుండా అతన్ని అడవికి శత్రువును చేస్తే జింకకూ మంచిది కాదు.

ఇలాంటి నేలలో చెట్టు నాటితే బట్టమేక, తోడేలు, గుంటనక్క, చలికాలం వచ్చే గద్దలు ఉండే ఇల్లు చెడగొట్టినట్టే. గడ్డినేలకు కావాల్సింది కొన్నాళ్ళ విశ్రాంతి. అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి దగ్గర కల్పవల్లి అనే చోటు ఉంది. టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కలిసి 1990ల నుంచి వేల ఎకరాల బోడిగుట్టలను కాపాడుతూ వచ్చారు. నాటింది తక్కువ, కాపలా ఎక్కువ. మంటలు ఆపారు, మేపు అదుపు చేశారు. ఇంటి పైకప్పులకు వేసే బోద గడ్డి లేచింది, వంకల్లో ఈతచెట్లు వచ్చాయి, నీళ్ళు నిలిచాయి. జిల్లాలో ఏడాదికి పడే వాన అయిదున్నర వందల మిల్లీమీటర్లు, అంతే.

పీకాల్సిన చెట్టు మాత్రం ఒకటుంది, సర్కారు తుమ్మ. 1870ల్లో వంటచెరకు కొరత తీరుస్తుందని విదేశాల నుంచి తెప్పించి మన దేశంలో మొదట నాటిన చోట్లలో కడప జిల్లా కమలాపురం ఒకటి. ఇప్పుడు సీమలో అది లేని చెరువు లేదు. దాని కింద గడ్డి మొలవదు. అయితే రాత్రికి రాత్రి జేసీబీ పెట్టి మొత్తం లేపేయకండి. ఆ కంపనే వంటకు వాడే ఇళ్ళున్నాయి, బొగ్గు కాల్చి బతికేవాళ్ళున్నారు. పైగా జేసీబీ పళ్ళకు కలివి, రేగు, బలుసు కూడా పోతాయి. లేత మొక్కలు, కొత్తగా వస్తున్న అంచులు ముందు చూడండి. వాన పడి నేల మెత్తబడ్డాక వేరుతో పీకండి. మొదలు నరికి వదిలేస్తే పది కొమ్మలై లేస్తుంది.

మంట, ఉచ్చు, ప్లాస్టిక్

ఫిబ్రవరి నుంచి మే దాకా నిప్పు భయం. కొత్త గడ్డి వస్తుందని కొందరు, బీడీ పారేసి కొందరు, తేనె కోసం పొగపెట్టి కొందరు అంటిస్తారు. గుడి తిరునాళ్ళలో వంటలు చేసుకుని నిప్పు ఆర్పకుండా పోయేవాళ్ళు ఇంకొందరు. ఊరివాళ్ళు పదిమంది కలిస్తే సంక్రాంతి తర్వాత గుట్ట అంచు వెంబడి పది అడుగుల వెడల్పున గడ్డి కోసి పశువులకు వేసుకోవచ్చు. మేతా దొరుకుతుంది, మంట దాటకుండా గీతా పడుతుంది. ఉపగ్రహాలు పసిగట్టిన మంటల సమాచారం ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా సైటులో నమోదు చేసుకున్నవాళ్ళకు మెసేజీగా వస్తుంది. పెద్ద మంటైతే మీరు ఆర్పడానికి దిగొద్దు, అటవీశాఖ బీటు ఆఫీసరుకు ఫోన్ చేయండి. ఆ నంబరు ముందే మీ ఫోనులో ఉండాలి.

పొలం అంచుల్లో పొదల మధ్య బైకు క్లచ్ వైరుతో చేసిన ఉచ్చులు కనిపిస్తాయి. అడవిపందికని పెడతారు, చిరుతలూ ఎలుగుబంట్లూ చిక్కుతాయి. ఫొటో, లొకేషన్ తీసుకుని బీటు ఆఫీసరుకు పంపండి. నరికిన ఎర్రచందనం దుంగలు కనిపిస్తే మాత్రం ఫొటో కోసం కూడా ఆగకండి. వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయి, దూరం వచ్చాక చెప్పండి. ఆ చెట్టు సహజంగా పెరిగేది ఈ చుట్టుపక్కల కొండల్లోనే. దాని వెనకుండే డబ్బు, మనుషులు మనలాంటివాళ్ళు తలపడేంత చిన్నవాళ్ళు కారు.

అహోబిలం, లంకమల, నిత్యపూజకోన లాంటి చోట్లకు వెళ్ళేటప్పుడు స్టీలు సీసాలో నీళ్ళు, డబ్బాలో తిండి పట్టుకెళ్ళండి. ఉగాదికి శ్రీశైలం నడిచే భక్తులకు నల్లమల దారిలో నీళ్ళు పంచేవాళ్ళు పుణ్యం చేస్తున్నారు. కాని పాకెట్లకు బదులు డ్రమ్ము, గ్లాసులు పెడితే అడవికీ పుణ్యం దక్కుతుంది. కోతులకు అరటిపండ్లు, బిస్కెట్లు వేయకండి. రేపు అవే మీ పిల్లల చేతిలోంచి లాక్కుంటాయి.

కాగితం మీదికి ఎక్కించండి

నేల ఎవరిదో తెలుసుకోమన్నది ఇందుకే. రికార్డుల్లో బంజరు అని ఉన్న భూమి ఎప్పుడైనా ఎవరికైనా పోవచ్చు. పాణ్యం దగ్గర గని, శకునాల ఊళ్ళ పక్కన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు కిందకు వేల ఎకరాలు వెళ్ళాయి. ఊళ్ళవాళ్ళు ఏళ్ళ తరబడి కాపాడిన కల్పవల్లి గుట్టల మీద కూడా గాలిమరలు లేచాయి, రెవెన్యూ లెక్కల్లో అది ఖాళీ భూమే. సోలారు వద్దని నేననను. అక్కడ ఏముందో చెప్పే ఒక్క కాగితమైనా ఉంటే, ఏ గుట్టను వదిలేయాలో అడగడానికైనా వీలుంటుంది. మాటతోనే గెలిచిన సందర్భమూ ఉంది. 2024లో దేవనకొండ మండలం కప్పట్రాళ్ళ అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తారని తెలిసి చుట్టుపక్కల ఊళ్ళు రోడ్డెక్కితే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. కానీ ప్రతిసారీ అంతమంది రోడ్డెక్కరు.

జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం ప్రతి పంచాయతీకి ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారుచేయాలి. చాలాచోట్ల కమిటీ కాగితం మీదే ఉంటుంది, అందులో ఎవరున్నారో సభ్యులకే తెలియదు. మీ పంచాయతీ కార్యదర్శిని అడిగి రిజిస్టరు చూపించమనండి. చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రిజిస్టరు ఖాళీగా ఉంటే మీ నోటుబుక్కు బయటికి తీయండి.

రెండు మూడు పేజీలు చాలు. సర్వే నంబరు, విస్తీర్ణం, అక్కడున్న చెట్లు, జంతువులు, పక్షులు, ఏ కార్తెలో ఏం కనిపించింది, నీళ్ళు ఎక్కడ నిలుస్తాయి, ఎవరి గొర్రెలు మేస్తాయి, ఊరివాళ్ళు అక్కడినుంచి ఏం తెచ్చుకుంటారు. గొర్రెల కాపరులు, నాటుమందులు ఇచ్చేవాళ్ళు, బడి టీచరు సంతకాలు పెట్టించండి. వేలిముద్రలైనా సరే. ఫొటోలు జతచేసి గ్రామసభ రోజు అందరి ముందు చదివి, తీర్మానంలో రాయించండి. రెండు కాపీలు తీసుకెళ్ళండి. ఒకటి కార్యదర్శికి ఇచ్చి, రెండోదాని మీద తేదీ, సంతకం, ఆఫీసు స్టాంపు వేయించుకుని, లామినేషన్ చేయించి ఇంట్లో పెట్టుకోండి. స్టాంపు ఇంక్ ఆరకముందే లామినేషన్‌కి ఇవ్వకండి, అలుక్కుపోతుంది.